ఉతకని చున్నీతో అబహా చెరువు దాకా

బయలుదేరే నాటికి నా మెడలో ఉన్న పసుప్పచ్చ చున్నీ ఉతికి నాలుగు రోజులైంది. ఉతకొద్దని మా అత్తమ్మ హుసేనమ్మ ఆజ్ఞ.

"వారం పొద్దులు అదే కప్పుకో మే. వంట చేసినా అదే, పండుకున్నా అదే. నీ వాసన బాగా ఎక్కల్ల. ఊర్లో పాప ఏడ్చినప్పుడు పక్కలో ఏస్తే, అమ్మ ఉందనుకొని పండుకుంటాది."

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మీరు కొండలు, తేనె, చలిగాలి అని చదువుకుంటూ పోతారు. నేను జెద్దాలో నర్సుని. మా ఆయన మస్తాన్ లిఫ్టులు బాగుచేసే టెక్నీషియన్. పాపకు తొమ్మిది నెలలు, ముద్దుపేరు చిట్టి. మా ఇద్దరివీ పగటి డ్యూటీలే, అవీ పొద్దున పోతే రాత్రికి గానీ తెమిలేవి కావు. నా పురుడు సెలవు అయిపోగానే అత్తమ్మ నంద్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చి పాపను చూసుకుంది. ఆ వీసా ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. పోయేటప్పుడు పాపను తనతో తీసుకుపోయి, మూడేళ్ళు నిండే దాకా ఊర్లో పెంచుతుంది. ఇదీ ఏర్పాటు. మా వార్డులో పిల్లలున్న మనవాళ్ళలో చాలామందిది ఇదే ఏర్పాటు. డ్యూటీ మధ్యలో ఫోను పట్టుకుని మూల గదిలోకి పోయి ముద్దులు పెట్టి వస్తారు. "అలవాటైపోతుంది లేవే" అంటారు. నేనూ సరే అన్నాను. అత్తమ్మ అడిగితే సరే, మస్తాన్ అడిగితే సరే. సరే అనడానికి ఏం పోయింది, ఒక్క మాటేగా!

పాప ఊరికి పోయే ముందు అందరం కలిసి ఒక చల్లటి చోటికి పోదామన్నాడు మస్తాన్. ఆగస్టు నెల జెద్దాలో బాల్కనీ తలుపు తీస్తే కుండ ఆవిరి ముఖాన కొట్టినట్టుంటుంది. అందుకే దక్షిణాన కొండల మీదున్న అబహా అనుకున్నాం. అక్కడ కొండల నడుమ ఆనకట్ట కట్టి నీళ్ళు నిలిపారట, చుట్టూ నడిచే దారి ఉందట. పాపను స్ట్రోలర్‌లో తోసుకుంటూ చుట్టేయొచ్చని ఆయన లెక్క.

పరుపు కుట్టిన బండి

మేము దూదేకుల వాళ్ళం. అత్తమ్మ చిన్నప్పటి నుంచి దూది మధ్య పెరిగిన మనిషి. ఎవరింటికి పోయినా ముందు పరుపును వేలితో పొడిచి చూస్తుంది. జెద్దాలో దిగిన రోజే స్ట్రోలర్ సీటును పొడిచి, "ఇది స్పాంజి. బిడ్డ వీపు ఉడికిపోతాది" అని తీర్పు చెప్పింది. షరఫియా బజారంతా తిప్పించుకుని దూది కొనిపించి, వేళ్ళతోనే విడదీసి, చారల గుడ్డలో కూరి మూరెడు పరుపు కుట్టింది. బజారులో ఆ బండిని చూసి అందరూ నవ్వుతారు. విదేశీ బండి, మూడు చక్రాలు, లోపల నంద్యాల పరుపు.

తెల్లవారి బయలుదేరి సముద్రం పక్క రోడ్డు పట్టాం. కుడివైపు నీళ్ళు, ఎడమవైపు ఇసుక, మధ్యలో మా అత్తమ్మ ప్రశ్నలు. "ఈ ఒంటెలు ఎవరివి? ఎవరూ లేకుండా మేస్తాండాయే, దొంగలు రారా?" మస్తాన్‌కు తెలియదు. "ఇంత సముద్రం ఉంది, తాగే నీళ్ళు కొంటారేందిరా?" ఉప్పు తీసి పంపుతారని చెప్పాడు. "ఆ ఉప్పేం చేస్తారు?" అదీ తెలియదు. "ఇన్నేండ్లు ఉండి ఏం చూసినావురా నువ్వు?" అంది. పాపం, ఆయన చూసింది లిఫ్టు గుంతలే.

పెట్రోలు బంకు దగ్గర రెండు రియాళ్ళ కడక్ చాయ్ తాగాం. చాయ్ పోసే మలయాళీ అన్న పాపను చూసి ఫోను తీసి తన కొడుకు ఫోటో చూపించాడు. "నాలుగేళ్ళు. రెండుసార్లే చూశాను" అని హిందీలో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. చాయ్ గబగబా తాగేశాను. చున్నీతో మూతి తుడుచుకుంటే అత్తమ్మ మెచ్చుకుంది. "మంచిది, చాయ్ వాసన గూడా ఎక్కనీ!"

కొండ మీది కోతులు

మధ్యాహ్నం దాటాక రోడ్డు కొండెక్కింది. సొరంగాలు, వంతెనలు, మళ్ళీ సొరంగాలు. ఒక్కో మలుపుకీ చలి పెరిగింది. మస్తాన్ ఏసీ ఆపి అద్దాలు దించాడు. సౌదీలో ఉన్న ఆరేళ్ళలో మేము ఆగస్టు నెలలో కారు అద్దం దించడం అదే మొదటిసారి. అత్తమ్మ చెవులకు కొంగు చుట్టుకుని, "ఇది సౌదీయేనా, యాడికన్నా దారి తప్పినామా?" అంది.

లోయ కనిపించే చోట కారు ఆపి స్ట్రోలర్ దించాం. ఆ కొండల్లో కుక్కంత కోతులు ఉంటాయి. మగవాటికి మెడ చుట్టూ బూడిద రంగు జూలు, వెనక ఎర్రగా కమిలిన పిరుదులు. జనం కార్లు ఆపి వాటికి రొట్టెలు వేస్తున్నారు, వేయొద్దని బోర్డు పెట్టిన చోటే. అత్తమ్మకు భయం లేదు. "మన యాగంటి కోతుల్ని చూసిన దాన్ని, ఇవి నాకొక లెక్కా?" అంది.

అనడం పూర్తి కాలేదు, ఒకటి గోడ దిగి నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. పాప నా చంకలో ఉంది. అది స్ట్రోలర్‌లోకి చేయి పెట్టి బిస్కట్ల పొట్లం తీసుకుంది, పోతూ పోతూ హ్యాండిల్‌కు వేలాడుతున్న నా చున్నీ కూడా లాక్కుంది.

అప్పుడు చూడాలి మా అత్తమ్మను! చెప్పు చేతిలోకి తీసుకుని, "ఒరేయ్ నీ మూతి కాల, అది నా మనవరాలి చున్నీరా!" అని పరుగెత్తింది. కోతికి తెలుగు ఏం అర్థమైందో గానీ చున్నీ వదిలేసింది, బిస్కట్లు వదల్లేదు. పక్కన సౌదీ పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తమ్మ చున్నీ దులిపి నా మెడలో వేసింది. మట్టి, కోతి వెంట్రుకలు, ఒక చిన్న చిరుగు.

"అత్తమ్మా, ఇప్పుడన్నా ఉతకనా?"

"ఉతికితే మళ్ళా మొదటి నుంచి రావల్ల. వద్దు."

అరీకా అనే సంగటి

అబహాలో అద్దె ఫ్లాటు తీసుకున్నాం. మరునాడు పొద్దున నాస్తాకు పోతే హోటలాయన అరీకా తెచ్చిపెట్టాడు. గోధుమ రొట్టెను వేడిగా పిసికి ముద్ద చేసి, నడుమ గుంత పెట్టి, ఆ గుంత నిండా నెయ్యి, తేనె పోసి, చుట్టూ ఖర్జూరాలు గుచ్చారు. పెద్ద పళ్ళెం, అందరూ చుట్టూ కూర్చుని చేత్తో తినాలి. పళ్ళెం ఇరవై ఐదు రియాళ్ళు, ముగ్గురం తిన్నా సగం మిగిలింది.

అత్తమ్మ ఆ గుంతను చూసి నోరు తెరిచింది. "ఓరి నాయనా! ఇది మన సంగటి కదురా! నడుమ బొక్క పెట్టి నెయ్యి పోసేది వీళ్ళకెవరు చెప్పినారు?"

రాగి సంగటికి నెయ్యి గుంత పెట్టేది రాయలసీమలోనే అనుకుని ఇన్నేళ్ళు బతికింది ఆమె. పక్క పళ్ళెం దగ్గర కూర్చున్న ముసలాయన ఈ సంబరం చూసి నవ్వాడు. ఆయన తలకు పూల దండ చుట్టుకుని ఉన్నాడు. అవును, మగవాడే, తెల్ల గడ్డం, తల చుట్టూ పచ్చటి ఆకులు, నారింజ రంగు బంతి లాంటి పూలు. ఈ కొండల్లో కొందరు మగవాళ్ళు అలా పెట్టుకుంటారట. మా ఊర్లో మగవాడు తలలో పువ్వు పెడితే నాటకాలవాడా అని అడుగుతారు. అత్తమ్మ కళ్ళార్పకుండా చూసి, "బాగుంది మే ఆయప్పకు" అంది. ఆయన ఒక ఆకు తుంచి పాప చేతికిచ్చాడు. తులసి వాసన.

అన్నం ముద్దలు చేసే అలవాటున్న చేయి కదా, అత్తమ్మ వేలి చివర అరీకా పాప నాలుకకు రాసింది. పాప చప్పరించి మళ్ళీ నోరు తెరిచింది. తేనె ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదని నర్సునైన నేను అరిచి నోరు తుడిచేలోపు ఆమె నెయ్యి చేయి చున్నీకి అంటింది. "పోన్లే, పాపకు తెలిసిన వాసనే" అంది అత్తమ్మ. ఆమెకు ప్రతిదీ ఆ చున్నీకే లాభం. నేను మాత్రం ఒకటి గమనించాను. ఈ మధ్య పాప నిద్రకు నా భుజం కన్నా ఆమె భుజమే వెతుక్కుంటోంది. మంచిదే, అలవాటు కావాలి కదా. మంచిదేనని రోజుకు పదిసార్లు అనుకున్నాను. ఒక్కసారీ మంచిగా అనిపించలేదు.

మెట్ల దగ్గర పఠాన్

ఆనకట్ట దగ్గరికి పోయేసరికి మంచి ఎండ, కానీ చురుకు లేదు. చుట్టూ కొండలు, నడుమ ఆకుపచ్చ నీళ్ళు, ఒడ్డున జాలీ కంచె, ఆ వెంట రాళ్ళు పరిచిన దారి. కుటుంబాలు తివాచీలు పరిచి, ఫ్లాస్కులు పెట్టుకుని, ఇల్లంతా ఎత్తుకొచ్చినట్టు కూర్చున్నాయి. మన వాళ్ళు చెరువుకు పోతే చెరువును చూస్తారు. వీళ్ళు చెరువుకు వీపు పెట్టి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటూ కాఫీ తాగుతారు.

సగం దూరం బండి జోరుగా పోయింది. తర్వాత మెట్లు వచ్చాయి, ఇరవై దాకా. మస్తాన్ లిఫ్టు టెక్నీషియన్ కదా, "ఇక్కడొక లిఫ్టు పెట్టుంటే" అని నిట్టూర్చాడు. దారి ఊడ్చే పాకిస్తానీ పఠాన్ ఒకాయన చీపురు పక్కన పెట్టి వచ్చి ముందు చక్రం పట్టుకున్నాడు. ఎత్తుతూ ఎత్తుతూ అత్తమ్మను ఉర్దూలో ఊరు, పేరు అడిగాడు. ఆమె తెలుగులో జవాబిచ్చింది.

"మా జీ, ముసల్మాన్ హోకే ఉర్దూ నహీ ఆతీ?" అన్నాడాయన ఆశ్చర్యంగా. అమ్మా, ముస్లిం అయ్యుండి ఉర్దూ రాదా అని.

నేను తెలుగులో చెప్పేలోపే అత్తమ్మకు అర్థమైపోయింది. ఈ ప్రశ్న ఆమె పుట్టినప్పటి నుంచి వింటోంది. "అల్లాకు తెలుగు వస్తాదిలే, చెప్పు మే ఆయప్పకు" అంది. చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, బండిని పైమెట్టు దాకా తెచ్చి, పాపకు సలాం కొట్టి పోయాడు.

పైన ఎండ పాప ముఖాన పడుతుందని చున్నీ తీసి బండి గొడుగు మీద కప్పాను. పాల సీసాకు వేడినీళ్ళు కారులోనే మర్చిపోయామని మస్తాన్ వెనక్కి పోయాడు. దారి పక్కన ఒకతను బర్షూమీ అమ్ముతున్నాడు. బర్షూమీ అంటే మన నాగజెముడు పండే. మా ఊర్లో ముళ్ళకు భయపడి మేకలు కూడా దగ్గరకు పోవు. ఇక్కడ చేతికి తొడుగు వేసుకుని, రెండు కోతల్లో తోలు ఒలిచి, మంచు మీద పెట్టి పళ్ళెం పది రియాళ్ళకు అమ్ముతున్నారు. నేను నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాను.

"పాప పండుకునింది. నువ్వు చూసి రా మే, నేను తోసుకుంటా పోతాంటా" అంది అత్తమ్మ.

మబ్బు కమ్మింది

అబహాలో మబ్బు పైనుంచి రాదు, లోయలోంచి లేచి పక్కనుంచి వస్తుంది. పళ్ళెం చేతికి వచ్చేసరికి ఎదుటి కొండ లేదు. డబ్బులిచ్చి తిరిగేసరికి చెరువు లేదు. పది అడుగుల అవతల దారి కూడా లేదు.

"అత్తమ్మా!" అన్నాను. జవాబు లేదు. ఆమె ఫోనుకు ఇక్కడి సిమ్ కూడా లేదు.

గబగబా నడిచాను. తర్వాత పరుగెత్తాను. ఒక చోట కంచె లేదు, నాలుగు మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగిపోతున్నాయి. ఎదురొచ్చిన సౌదీ ఆయన్ని ఆపాను. నా అరబిక్ అంతా ఆసుపత్రి అరబిక్, అందులోనూ కంగారు. పాప కనిపించిందా అని అడగాల్సింది పోయి, "నొప్పి ఎక్కడ? ఊపిరి పీల్చు!" అన్నాను. ఆయన నన్నే అదోలా చూసి, నిజంగానే ఒకసారి ఊపిరి పీల్చాడు.

ఇంకాస్త ముందుకు పోతే కంచె పక్కన స్ట్రోలర్ కనిపించింది. మూడు చక్రాలు, చారల పరుపు. పరుపు మీద పాప లేదు. గొడుగు మీద చున్నీ లేదు.

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. వార్డులో ఎంతోమంది తల్లుల అరుపులు విన్నాను. అది నా గొంతులోనూ ఉందని అప్పుడే తెలిసింది.

"ఈడుండాం మే! ఈడ!"

స్ట్రోలర్‌కు నాలుగు అడుగుల అవతల, గడ్డి మీద ఎర్ర తివాచీ, దాని మీద అత్తమ్మ, ఆమె ఒళ్ళో పాప. పక్కన అంచు వెడల్పు గడ్డి టోపీ పెట్టుకున్న సౌదీ అవ్వ, ఆమె కూతుళ్ళు. మబ్బులో తడుముకుంటున్న అత్తమ్మను వాళ్ళే పిలిచి కూర్చోబెట్టారట. పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది. చున్నీ దాని గుప్పిట్లో ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి, చున్నీ కింద పడేసి, నా మీదికి దూకింది. నేను తివాచీ మీద కూలబడి అందరి ముందూ భోరుమన్నాను. సిగ్గు లేదు, ఏమీ లేదు.

ఆ అవ్వ చిన్న గిన్నెలో యాలకుల కాఫీ పోసి చేతికిచ్చింది, రెండు ఖర్జూరాలు పెట్టింది. తర్వాత పాప బుగ్గ మీది దిష్టి చుక్క చూసి, మసి అనుకుని టిష్యూతో శుభ్రంగా తుడిచేసింది. నేను అత్తమ్మ వైపు చూశాను. దిష్టి చుక్క తుడిస్తే ఊరుకునే మనిషి కాదు. కానీ అవ్వ "మాషాఅల్లా" అని, పెదవులతో ఏదో చదివి, పాప నుదుటి మీద మూడుసార్లు ఊదింది. అత్తమ్మ తల ఊపింది. "వాళ్ళ మందు వాళ్ళది. పనిజేస్తాదిలే" అంది. వేడినీళ్ళతో వచ్చిన మస్తాన్‌కు మా ముఖాలు చూసి ఏమీ అర్థం కాలేదు.

బకెట్టు

సాయంత్రం ఫ్లాటులో పాప నా ఒళ్ళో నిద్రపోయాక అత్తమ్మ చెప్పింది.

"మబ్బులో బిడ్డ లేచి ఏడ్చింది. నేనుండా గదా అనుకున్నా. ఎత్తుకున్నా, జోకొట్టినా, ఊరుకోలే. సరే, చున్నీ ఉంది గదా, దానికోసమే గదా ఇన్ని పొద్దులు, అని తీసి పక్కన పెట్టినా." నిద్రలో ఉన్న పాప కాళ్ళ మీద దుప్పటి సర్దింది. "వాసన పట్టుకునింది మే. ఏడుపాపి ఇట్ల చూసింది, అట్ల చూసింది, నా భుజం ఎనకాల తొంగి చూసింది. నువ్వు వచ్చినావనుకునింది. లేవు. అప్పుడు ఏడ్చింది చూడు... ముందు ఏడ్చింది ఒక లెక్కగాదు. గుడ్డకు వాసన ఎక్కించొచ్చు గానీ, బిడ్డను నమ్మించలేం."

మస్తాన్ తల వంచుకున్నాడు. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"ఆ పక్క నువ్వు. పది నిమిషాలకే అట్లయితివి. మూడేండ్లకు 'సరే' అని ఎవరు చెప్పమన్నారు నీకు? నోరు లేదా?"

"మీరు అడిగారని, అత్తమ్మా..."

"నేను అడుగుతా. అడిగేదానికేం! కాదనేది నీ పని."

ఆ రాత్రే మస్తాన్ రాత్రి షిఫ్టుకు మారతానన్నాడు. జెద్దా వచ్చాక మారాడు కూడా. అత్తమ్మ వీసా పొడిగించుకుని మాకు అలవాటయ్యే దాకా ఉండి, మొన్ననే ఒంటరిగా విమానం ఎక్కింది, ఒక తేనె డబ్బా, కోతి కథ వెంటబెట్టుకుని. ఇప్పుడు పొద్దున నేను ఇంట్లోంచి పోతుంటే ఆయన వస్తాడు, తలుపు దగ్గర పాపను చేతులు మార్చుకుంటాం. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది ఆ రెండు నిమిషాలే. అదీ కష్టమే, కాదనను.

కానీ ఆ సాయంత్రం ఇంకొకటి జరిగింది, అది చెప్పి ముగిస్తాను. అత్తమ్మ లేచి, మూలన పడున్న చున్నీని రెండు వేళ్ళతో ఎత్తి, బాత్రూంలో బకెట్టులో పడేసింది.

"సబ్బు ఎక్కువెయ్యి మే. నెయ్యి ఉంది, చాయ్ ఉంది, కోతి గూడా ఉంది దాంట్లో."

"ఉతకాలా? మరి పాపకు?"

"పాపకు చున్నీ ఎందుకు?" అంది అత్తమ్మ కుళాయి తిప్పుతూ. "నువ్వుండావు గదా."